బిహేవియర్ సపోర్ట్ అసిస్టెంట్ ఉద్యోగంలో చేరవచ్చా?

ప్రశ్న: నేను డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. సైకాలజీ నా సబ్జెక్టుల్లో ఒకటి. ఒక స్కూల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల దగ్గర బిహేవియర్ సపోర్ట్ అసిస్టెంట్‌గా చేరే అవకాశం వచ్చింది. పిల్లలంటే నాకు చాలా ఇష్టం, ఓపిక కూడా ఉంది. కానీ అమ్మ మాత్రం "అది ఆయా పని, పైగా ఆ పిల్లలు కొడతారు, కొరుకుతారు" అని టెన్షన్ పడుతోంది. నేను ఈ పనికి సరిపోతానా? దీనిలో ఎదుగుదల ఉంటుందా?

జవాబు: "పిల్లలంటే ఇష్టం, ఓపిక ఉంది" అని రాశారు. ఈ ఉద్యోగం గురించి నన్ను అడిగేవాళ్లు దాదాపు అందరూ ఈ మాటే అంటారు. ఒకప్పుడు నేనూ అన్నాను. కౌన్సెలింగ్‌లోకి రాకముందు మూడేళ్లు ఈ పనే చేశాను. ఆ రెండూ లేకపోతే ఈ పనిలో నిలబడలేరు, నిజమే. కానీ అవి రెండూ నిండుగా ఉండి కూడా నేను మొదటి ఆరు వారాలు ఒక పిల్లాడికి మేలు చేస్తున్నాననుకుని కీడు చేశాను. ముందు ఆ సంగతి చెబుతాను. ఈ ఉద్యోగం అసలు ఏమిటో మీకు దానిలోనే తెలుస్తుంది.

వాడికి తొమ్మిదేళ్లు. ఆటిజం ఉంది, మాటలు తక్కువ. లెక్కల పీరియడ్‌లో టీచర్ "నోట్‌బుక్ తీయండి" అనగానే ఎరేజర్‌ను గోటితో గిల్లడం మొదలుపెట్టేవాడు. ఆ ముక్కలన్నీ బల్ల అంచున వరసగా పేర్చేవాడు. ఏడెనిమిది ముక్కలు అయ్యేసరికి ఊపిరి వేగం పెరిగేది. ఆ తర్వాత పెన్సిల్ డబ్బా నేల మీద పడేది, అరుపులు మొదలయ్యేవి. ఒక్కోసారి పక్క పిల్లాడి చెయ్యి కొరికేవాడు. నేను వెంటనే వాణ్ని కారిడార్‌లోకి తీసుకెళ్లేదాన్ని. కిటికీ దగ్గర నిలబెడితే ఐదు నిమిషాల్లో నెమ్మదించేవాడు. నా దగ్గర ఇట్టే శాంతిస్తాడని నాకు ఎంత సంబరంగా ఉండేదో చెప్పలేను. అయితే మొదట్లో వారానికి రెండుసార్లు జరిగేది కాస్తా, నెల తిరిగేసరికి రోజూ జరగడం మొదలైంది.

నా పైన ఉన్న స్పెషల్ ఎడ్యుకేటర్ (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే టీచర్) నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఒక కాగితం మీద మూడు గడులు గీసి ఇచ్చారు. ముందు ఏం జరిగింది, వాడు ఏం చేశాడు, ఆ వెంటనే ఏం జరిగింది. పది రోజులు రాసి తీసుకురమ్మన్నారు. రాశాను. మూడో గడిలో పై నుంచి కింది దాకా ఒకటే మాట ఉంది: కారిడార్. డబ్బా విసిరితే రాయక్కర్లేదు, బయటికి వెళ్లిపోవచ్చు. ఆ పాఠం వాడికి రోజూ నేర్పింది నేనే.

పిల్లల ప్రవర్తన చాలాసార్లు ఒక అడగడమే. మాట రాకపోయినా, వచ్చినా ఆ క్షణంలో నోటికి అందకపోయినా, చేతల్లో అడుగుతారు. ఈ రంగంలో ఉన్నవాళ్లు సాధారణంగా నాలుగు కారణాలు చూస్తారు. చేయలేని పని నుంచి తప్పించుకోవడం, ఎవరైనా తన వైపు చూడాలనుకోవడం, కావాల్సిన వస్తువో ఆటో దక్కించుకోవడం, ఇక నాలుగోది ఆ పని వల్ల ఒంటికి కలిగే అనుభూతి. నలుగురు పిల్లలు ఒకేలా కొరికినా నాలుగు వేర్వేరు కారణాలు ఉండొచ్చు. కారణం తెలియకుండా ఓపిక ఒక్కదాన్నే నమ్ముకుంటే నాలాగే అవుతుంది.

మా వాడికి ఒక చిన్న కార్డు ఇచ్చాం, దాని మీద కిటికీ బొమ్మ. ఎరేజర్ ముక్కలు ఎనిమిదయ్యే దాకా ఆగకుండా, రెండో ముక్క దగ్గరే నేను వాడి చేతిని మెల్లగా కార్డు వైపు నడిపించాలి. వాడు కార్డు ఇచ్చిన మరుక్షణం రెండు నిమిషాలు కారిడార్. మొదటి రోజు ఒక్క పీరియడ్‌లో పదకొండుసార్లు ఇచ్చాడు. క్లాస్ టీచర్‌కు విసుగొచ్చింది, ఆమె తప్పేమీ లేదు. అయినా పదకొండుసార్లూ తీసుకెళ్లాను. అరుపు కన్నా కార్డుకే ఎక్కువ బలం ఉందని వాడికి నమ్మకం కుదరాలి కదా. కుదిరాక "ముందు రెండు లెక్కలు, తర్వాత కిటికీ" అన్నాం. 1985లో ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యూరాండ్ అనే పరిశోధకులు ఈ పద్ధతి ఫలితం చూపించారు. అదే అవసరం తీరేలా అడిగే దారి ఒకటి నేర్పితే, ఇబ్బంది పెట్టే ప్రవర్తన తగ్గుతుంది. కొన్ని వారాలకు ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రాయడం, తినడం లాంటి రోజువారీ పనులు చేసుకునేలా సాయపడే నిపుణులు) వచ్చి చూసి, వాడి వేళ్లలో పట్టు చాలదని, రాస్తుంటే చెయ్యి నొప్పి పుడుతోందని చెప్పారు. పెన్సిల్‌కు లావుపాటి తొడుగు వేశాం. అన్ని నెలలూ మేమంతా మొండితనం అనుకున్నది నొప్పి.

పని ఎలా ఉంటుందో ఇప్పుడు కొంత అర్థమై ఉంటుంది. ప్రణాళిక వేసేది మీరు కాదు. స్పెషల్ ఎడ్యుకేటరో సైకాలజిస్టో, ప్రవర్తన వెనక కారణాలు విశ్లేషించే బిహేవియర్ అనలిస్టో వేస్తారు. దాన్ని రోజూ ఒకేలా అమలు చేయడం, జరిగింది జరిగినట్టు రాయడం మీ పని. "ఇవాళ కోపంగా ఉన్నాడు" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. "10:20కి డబ్బా విసిరాడు, 4 నిమిషాలు అరిచాడు, అంతకుముందు బెల్ మోగింది" అని రాస్తే పైవాళ్లకు ఆలోచించడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. ఒకేలా చేయడం ఎందుకు ముఖ్యమో కూడా తెలుసుకోండి. అరిస్తే అడిగింది దొరకడం ఆగిపోయినప్పుడు, ఆ అరుపు తగ్గే ముందు కొన్నిసార్లు బాగా పెరుగుతుంది. ఆ మూడో రోజునో నాలుగో రోజునో జాలిపడి ఇచ్చేస్తే, ఇంకా గట్టిగా అరవాలని నేర్పినట్టే. అందుకే కొత్తగా అడిగే దారిని పక్కనే నేర్పకుండా ఉత్తినే బిగపట్టుకుని కూర్చోవడం కూడా తప్పే.

ఇక మీ అమ్మగారి భయం. కొడతారు, కొరుకుతారు అన్నది అబద్ధం కాదు. నా ముంజేతి మీద ఒక పంటి గాటు ఇంకా ఉంది. అందరు పిల్లలూ అలా ఉండరు. చాలామంది బల్ల కింద దూరతారు, పరిగెత్తి వెళ్లిపోతారు, లేదా రాయిలా బిగుసుకుపోతారు. జుట్టు ముడేసుకోవడం, వేలాడే నగలు తీసేయడం, చెయ్యి చాచినంత దూరంలో కాస్త పక్కగా నిలబడటం, గొంతు తగ్గించడం, మాటలు తగ్గించడం వంటివి శిక్షణలో నేర్పుతారు, నేర్పాలి. ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉన్నప్పుడు తప్ప పిల్లల్ని బలవంతంగా అదిమి పట్టుకోకూడదు, అదీ శిక్షణ పొందినవాళ్లే చేయాలి. బోర్లా పడుకోబెట్టి అదిమిపట్టినందువల్ల పిల్లలు చనిపోయిన ఘటనలు ఉన్నాయి. "కాస్త గట్టిగా పట్టుకుంటే వాళ్లే దారికొస్తారు" అని చెప్పే చోటికి దయచేసి వెళ్లకండి.

"ఆయా పని" అన్న మాట గురించి రెండు ముక్కలు. కొంతమంది పిల్లలకు బాత్రూమ్ దగ్గర, బట్టలు మార్చుకునే దగ్గర సాయం చేయాల్సి వస్తుంది. దాన్ని చిన్నతనం అనుకుంటే ఈ రంగం వద్దు. కానీ ఆ సాయం తప్ప శిక్షణ, ప్రణాళిక, పైన చూసేవాళ్లు ఏవీ లేని చోట ఉద్యోగం పేరు ఏదైనా మీ అమ్మగారు చెప్పిందే నిజమవుతుంది. అందుకే ఆమె మాటను కొట్టిపారేయకండి, దాన్నే ప్రశ్నగా మార్చి స్కూల్ వాళ్లను అడగండి.

నాకు బాగా పట్టింపు ఉన్న విషయం మరొకటి ఉంది. ఈ ఉద్యోగాన్ని చాలాచోట్ల షాడో టీచర్ అంటారు. నీడ అనేసరికి కొత్తగా వచ్చినవాళ్లు పిల్లాడికి అతుక్కుపోతారు. కుర్చీ పక్కనే కుర్చీ వేసుకుంటారు, పెన్సిల్ వాళ్లే తీసి ఇస్తారు, ఎవరైనా ప్రశ్న అడిగితే పిల్లాడి బదులు వాళ్లే జవాబు చెబుతారు. 1997లో మైఖేల్ జాంగ్రెకో, ఆయన సహచరులు దీని మీదే అధ్యయనం చేశారు. అసిస్టెంట్ ఎప్పుడూ పక్కనే ఉంటే పిల్లలు తోటివారికి దూరమవుతారని, పెద్దవాళ్ల మీద ఆధారపడటం పెరుగుతుందని, క్లాస్ టీచర్ కూడా ఆ బిడ్డ బాధ్యతను అసిస్టెంట్‌కే వదిలేస్తారని గమనించారు. మంచి అసిస్టెంట్ సాయాన్ని రోజురోజుకూ కొంచెం కొంచెం తగ్గిస్తుంది. ఇవాళ చెయ్యి పట్టి చేయిస్తే, కొన్నాళ్లకు మణికట్టు దగ్గర తాకితే చాలు, తర్వాత వేలితో చూపిస్తే చాలు, ఆపైన ఊరికే చూసి ఆగితే చాలు. ఆ ఆగడం కష్టం. మనసులో పది లెక్కపెట్టుకుంటూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేదాన్ని.

పెద్దవాళ్లయిన ఆటిజం ఉన్నవారు రాసినవి, మాట్లాడినవి వెతికి చదవండి, వినండి. చిన్నప్పుడు బలవంతంగా కళ్లలోకి చూడమన్నారని, చేతులు ఊపితే ఆపేశారని, అది తమను ఎంతగానో బాధించిందని చాలామంది చెబుతున్నారు. ఎవరికీ హాని లేని చేతుల ఊపును ఆపాల్సిన పని లేదు. ఆ బిడ్డ మిగతావాళ్లలా కనబడటం మన లక్ష్యం కాదు. తనకు కావాల్సింది అడగగలగాలి, నేర్చుకోగలగాలి, తనకూ ఇతరులకూ దెబ్బ తగలకుండా ఉండాలి.

మీరు సరిపోతారా లేదా అన్నది ఉత్తరం చూసి నేను చెప్పలేను, రెండు రోజులు క్లాసులో వెనక కూర్చుంటే మీకే తెలుస్తుంది. పిల్లల్ని కాదు, మిమ్మల్ని మీరు గమనించుకోండి. అరుపు వినగానే మీ గొంతూ పెరుగుతోందా? బిడ్డ తోసేస్తే అవమానంగా అనిపిస్తోందా? అనిపించడం తప్పు కాదు, కానీ పది నిమిషాల తర్వాత అదే బిడ్డతో మామూలుగా మాట్లాడగలరా చూసుకోండి. ఇంకొకటి, నోరు కట్టేసుకోగలగాలి. బిడ్డ సంగతులు బయట ఎవరితోనూ చెప్పకూడదు, ఫొటోలు తీయకూడదు, తల్లిదండ్రులు దారిలో కనబడి అడిగినా "టీచర్‌తో కలిసి మాట్లాడదాం" అనాలి.

ఎదుగుదల గురించి ఉన్నమాట చెబుతాను. అసిస్టెంట్ జీతం సాధారణంగా టీచర్ జీతం కంటే తక్కువ, అలసట మాత్రం తక్కువ కాదు. ఇదే హోదాలో ఏళ్ల తరబడి ఉండిపోతే జీతం పెద్దగా కదలదు. రెండు మూడేళ్లు చేసి పైచదువుకు వెళ్తే మాత్రం ఈ అనుభవం చాలా విలువైనది. స్పెషల్ ఎడ్యుకేషన్, స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, స్కూల్ సైకాలజీ, బిహేవియర్ అనాలిసిస్ అన్నీ ఇక్కడి నుంచి తెరుచుకునే దారులే. వీటిలో కొన్నింటికి ఇంటర్‌లో సైన్స్ సబ్జెక్టులు అడుగుతారు, ముందే చూసుకోండి. ఆన్‌లైన్ ప్రకటనల్లో "రిజిస్టర్డ్ బిహేవియర్ టెక్నీషియన్" అనే పేరు కనిపిస్తుంది. అది అమెరికాలోని ఒక బోర్డు ఇచ్చే సర్టిఫికెట్. 18 ఏళ్లు నిండి అమెరికా లెక్కలో హైస్కూల్ చదువు (మన ఇంటర్ స్థాయి) పూర్తయినవాళ్లు 40 గంటల శిక్షణ తీసుకుని, నైపుణ్యాల మదింపులోనూ పరీక్షలోనూ నెగ్గాలి. ఆ తర్వాత కూడా పైవారి పర్యవేక్షణలోనే పనిచేయాలి. 2023 నుంచి ఆ బోర్డు కొద్ది దేశాల్లో ఉంటున్నవారికే దాన్ని ఇస్తోంది కాబట్టి, మీకు వర్తిస్తుందో లేదో చూసుకోకుండా ఏ కోర్సుకూ డబ్బు కట్టకండి.

స్కూల్‌కు మాట్లాడటానికి వెళ్లినప్పుడు వీలైతే మీ అమ్మగారిని కూడా తీసుకెళ్లండి. మూడు విషయాలు అడగండి. మొదటి నెల నా పని ఎవరు చూస్తారు, వారానికి ఎన్నిసార్లు? దెబ్బ తగిలిన రోజు ఏం చేస్తారు, నా చోట ఎవరు వస్తారు? ప్రవర్తన రాసే కాగితం ఎలా ఉంటుంది, పేర్లు లేని ఖాళీది ఒకటి చూపిస్తారా? పర్యవేక్షించే మనిషి ఫలానా అని పేరుతో చెప్పి, సొరుగులోంచి ఆ కాగితం తీసి చూపిస్తే చేరండి. "అవన్నీ ఎందుకమ్మా, పిల్లలంటే ప్రేమ ఉంటే చాలు" అంటే నమస్కారం పెట్టి వచ్చేసి, ఇంకో స్కూల్ వెతుక్కోండి.