జిమ్‌లో చేరితే తగ్గుతారా? ముందు ఇంటర్ సంగతి చెప్పనివ్వండి

హన్మకొండలో బీటెక్ చేస్తున్నాను, హాస్టల్‌కు వచ్చాక బాగా లావయ్యాను, జిమ్‌లో చేరితే తగ్గుతానా అని అడిగారు. చేరండి, నష్టమేం లేదు. కానీ మీ బరువు హాస్టల్‌లో మొదలైంది కాదు, ఇంటర్‌లో మొదలైంది. నేనూ అక్కడి హాస్టల్‌లో ఉండి చదివినవాణ్నే.

ఒక నవంబరులో నా రూమ్మేట్ మా ఊరికొచ్చాడు. వడ్ల కొనుగోలు సెంటర్‌లో మా కాక బస్తాలు కాంటా పెట్టిస్తుంటే వీడు సరదాకు కాంటా ఎక్కాడు. 82 కిలోలు. కాక ఊరుకుంటాడా! "రెండు బస్తాలు పోంగ ఇంకా రెండు కిలోలు మిగిలినయ్ బిడ్డా. తేమ 17 శాతం లోపే ఉన్నదా, తరుగు తియ్యమందామా?" అన్నాడు. హమాలీలు బస్తాలు దించి మరీ నవ్వారు. (అక్కడ బస్తా అంటే 40 కిలోలు. వడ్లలో తేమ 17 శాతం దాటకూడదు. తరుగు అంటే తూకంలో పెట్టే కోత.)

వాడి ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. మనవాళ్లకు బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందా అని చూసే లెక్క) 23 దాటితే చాలు, అధిక బరువు అంటారు డాక్టర్లు. ఆ లెక్కన వాడు 66 కిలోల దగ్గర ఆగాలి. చిత్రమేమంటే, అప్పటికే వాడు జిమ్‌కు పోతున్నాడు! వచ్చేటప్పుడు బండి దగ్గర ఎగ్ ఫ్రైడ్ రైస్, పైన కూల్‌డ్రింక్. అడిగితే "వర్కౌట్ చేసిన కదా" అనేవాడు. గంట చెమటోడిస్తే ఆ ప్లేటు కరుగుతుందా?

వాణ్ని అని లాభం లేదు. ఇంటర్ రెండేళ్లూ అపార్ట్‌మెంట్ లాంటి కాలేజీలో పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్స్. గ్రౌండ్ లేదు, పీఈటీ లేడు. ఆడితే ర్యాంకు పోతుందట! అక్కడ కూర్చుని కూర్చుని బీటెక్‌కు వచ్చినవాడికి చేతిలో డబ్బులు, గేటు బయట మిర్చి బజ్జీ బండి. మెస్‌లో మధ్యాహ్నం నీళ్ల పప్పు తింటే మళ్లీ రాత్రి ఎనిమిదిన్నర దాకా ఏమీ ఉండదు. బండి దగ్గరికి పోక ఏం చేస్తాడు?

అందుకే జిమ్ ఫీజు కట్టేముందు రూములో పల్లీలు, పుట్నాలు పెట్టుకోండి. సాయంత్రం ఆకలికి అవి చాలు. పొద్దున భద్రకాళి చెరువు కట్ట మీద నడవండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం కావాలంటోంది, అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. ఒక్కరే పోతే మానేస్తారు, రూమ్మేట్‌ను లాక్కుపోండి. సంక్రాంతికి ఇంటి నుంచి తెచ్చుకునే సకినాల డబ్బా మాత్రం మంచం కింద దాచుకోకండి, వచ్చిన రోజే పక్క రూములవాళ్లకు పంచేయండి.