సుధకు పెద్దబాపు వ్రాసిన ఉత్తరం

నల్లగొండ

చిరంజీవి సుధకు పెద్దబాపు ఆశీర్వదించి వ్రాయునది.

ఆటిజం ఉన్న పిల్లలు, వారి తల్లులు ఒకరితో ఒకరు మెలిగేటప్పుడు ఇద్దరి మెదళ్ళలో ఏమి జరుగుతుందో పరిశోధించడానికి నీకు సీటు వచ్చిందని, మొదటి ఏడాది నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లోనే కుటుంబాలను కలుస్తావని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. విన్నప్పుడు కడుపు నిండింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ముప్పై ఐదేళ్ళు ఈ పట్టణంలో పిల్లల వైద్యం చేసినవాడిని కనుక, ఈ విషయంలో నీకు నేనే చెప్పవలసిన మాటలు కొన్ని ఉన్నాయి.

అనుమతి పత్రాలన్నీ ముందే తెచ్చుకో. గణాంకశాస్త్రం బాగా తెలిసిన ఒకరిని మొదటి నెలలోనే పట్టుకో. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థకు వెళ్ళి, అక్కడ రూపొందిన 40 అంశాల భారతీయ ఆటిజం కొలమానాన్ని పిల్లల ఎదుట ఎలా వాడతారో దగ్గర కూర్చొని నేర్చుకో. పల్లెల నుంచి చీకటి పడకముందే తిరిగి రా. విజయవాడ హైవే మీద నార్కట్‌పల్లి దగ్గర రాత్రిపూట బండి నడపవద్దు. ఈ ఒక్క మాటకు నాతో వాదించకు బిడ్డా.

ఇక నేను చేసిన తప్పు. 1984లో పోచంపల్లి నుంచి ఒక తల్లి నాలుగేళ్ళ కొడుకును నా దగ్గరకు తెచ్చింది. మాట రాలేదు, పిలిస్తే పలకడు, ముఖంలోకి చూడడు. ఆమె పగలంతా గుంట మగ్గం మీద చీరలు నేసేది. పిల్లవాడు మగ్గం గుంజకు నుదురు ఆనించి కూర్చునేవాడు. ఈ విషయం మీద నేను అప్పటికి చదివింది ఒకే ఒక పాత పాఠ్యపుస్తకం. తల్లి ప్రేమ చాలకపోతే బిడ్డ తనలోకి తాను ముడుచుకుపోతాడని అందులో ఉండేది. 1943లో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లల గురించి వ్రాసిన వ్యాసంలోనే ఆటిజం పుట్టుకతో వచ్చేదన్న మాట ఉంది. 1977లో సుసాన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ 21 కవల జంటలను పరిశీలించి వంశపారంపర్యం పాత్ర ఎంతటిదో చూపారు. అవేవీ నా కంటబడలేదు, నేనూ వెతకలేదు. మగ్గం మానేసి, బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టుకొని, గడ్డం పట్టుకొని రోజుకు రెండు గంటలు తన కళ్ళలోకి చూసేటట్లు చేయమని ఆమెకు చెప్పాను. ఆమె ఒక్క మాట అన్నది: “నేను మగ్గం ఆపితే వాడు ఊకోడు సారూ. నూలు తెగితే నాకన్న ముందు వానికే ఎరుకైతది.” దాన్ని నేను సాకు అనుకున్నాను.

అయిదు నెలల తరువాత మళ్ళీ వచ్చింది. పిల్లవాడి రెండు మణికట్లకూ కమిలిన పళ్ళ గుర్తులు, పాతవాటి మీద కొత్తవి. తన ముఖాన్ని గట్టిగా పట్టుకున్నప్పుడల్లా వాడు తన చేతులనే కొరుక్కునేవాడట. ఆమె కూలి పోయింది, అప్పు చేసింది, నా మాట ఒక్క రోజు కూడా తప్పలేదు. అయినా ఆ నాడు నేను చీటీ మీద ‘తల్లి సహకరించలేదు’ అని వ్రాశాను. ఆ తరువాత ఆమె రాలేదు.

మూడేళ్ళకు ఒక టీకాల శిబిరానికి ఆ ఊరికి వెళ్ళి, వారి ఇంటి ముందు ఆగాను. ఆమె మళ్ళీ నేస్తున్నది. వాడు గుంజ దగ్గరే ఉన్నాడు. నూలు తెగి మగ్గం ఆగింది. వాడు సన్నగా ఒక కూనిరాగం తీశాడు. ఆమె తల ఎత్తకుండానే, తెగిన పోగును వేళ్ళతో అతుకుతూ, అదే రాగం తిరిగి తీసింది. కాలు చెక్క మీద పడి నాడె కదలగానే వాడు ఊరుకున్నాడు. నేను నిలబడిన కొద్దిసేపట్లో ఇది మూడుసార్లు జరిగింది. ఆ తల్లీకొడుకుల మాటామంతీ పుట్టినప్పటి నుంచీ నడుస్తూనే ఉంది. నేను కళ్ళ కోసం చూస్తూ చెవులు మూసుకున్నాను.

2017లో వచ్చిన ఒక పరిశోధన చదివినప్పుడు నాకు ఆ మణికట్లే గుర్తుకు వచ్చాయి. ముఖాల్లో కళ్ళనే చూసేటట్లు కట్టడి చేసినప్పుడు, ఆటిజం ఉన్నవారి మెదడు లోపలి భాగాల్లో, భయం వంటి ఉద్వేగాలతో ముడిపడిన అమిగ్డాలాతో సహా, స్పందన అసాధారణంగా పెరిగిందని అందులో చూపారు. చూపు తిప్పుకోవడం నిర్లక్ష్యం కాదు, తట్టుకోలేకపోవడం కావచ్చు. అందుకే నీ పరికరం ఏదైనా, ముందు ఒక నెల పాటు పరికరం లేకుండా వారి ఇళ్ళలో కూర్చో. ప్రతి ఇంట్లోనూ ఆ ఇద్దరికే తెలిసిన పలకరింపు ఒకటి ఉంటుంది. అది తెలిసిన తరువాతే ఏది కొలవాలో నిర్ణయించుకో.

పిల్లవాడిని ఒక్కడినే ఎమ్మారై గొట్టంలో పడుకోబెట్టి, బొమ్మ ముఖాలు చూపించి, దానినే సామాజిక స్పందన అనవద్దు. ఆ రొద పెద్దవాళ్ళకే భరించరానిది. పైగా తల కొద్దిగా కదిలినా మెదడులో దూరపు భాగాల అనుసంధానం తగ్గినట్లు, దగ్గరి భాగాలది పెరిగినట్లు తప్పుడు లెక్క వస్తుందని 2012లో మూడు బృందాలు విడివిడిగా తేల్చాయి. కదలకుండా ఉండలేని పిల్లల మీద అలాంటి లెక్కతో తీర్పు చెప్పడం ఎంత అన్యాయమో ఆలోచించు. తలకు టోపీలాగా తొడిగి, పరారుణ కాంతితో రక్తంలోని ఆక్సిజన్ మార్పులను పట్టే పద్ధతి పల్లె ఇంటికి నయం. తల్లీబిడ్డలిద్దరినీ ఒకేసారి చూడవచ్చు. అయితే ఒకే మగ్గం చప్పుడు వింటున్న ఇద్దరు పరాయివారి మెదళ్ళు కూడా ఒకే లయలో కదలవచ్చు. కాబట్టి ఒక తల్లి రికార్డును మరొకరి బిడ్డ రికార్డుతో జతకట్టి పోల్చనిదే, ఇది తల్లీబిడ్డల మధ్య బంధమని వ్రాయకు.

1985లో సైమన్ బారన్-కోహెన్, అలాన్ లెస్లీ, ఉటా ఫ్రిత్ ఒక బొమ్మల పరీక్ష చేశారు. ఒక బొమ్మ గోళీ దాచి బయటికి పోతుంది, మరో బొమ్మ దాన్ని వేరే చోటికి మారుస్తుంది, మొదటిది తిరిగి వచ్చి ఎక్కడ వెతుకుతుందో పిల్లవాడు చెప్పాలి. ఆటిజం ఉన్న 20 మందిలో 16 మంది తప్పారు. ఆ 16 మంది గురించే అందరూ చెప్తారు. నీవు మిగిలిన నలుగురి గురించి కూడా అడుగు. అలాంటి పరీక్ష ఇక్కడ పెడితే పుస్తకాల తెలుగులో “ఎక్కడ వెతుకుతుంది?” అనకు, “యాడ దేవులాడుతది?” అను. మాట అర్థం కాని పిల్లవాడిని మనసు తెలియనివాడిగా లెక్కవేయవద్దు. స్వయంగా ఆటిజం ఉన్న డామియన్ మిల్టన్ 2012లో, అర్థం కాకపోవడం రెండు వైపులా ఉంటుందని వ్రాశాడు. ఎడిన్‌బరోలో 2020 నాటి అధ్యయనంలో ఆటిజం ఉన్నవారు ఒకరి నుంచి ఒకరికి కథ చేరవేయడంలో ఇతరులకేమీ తీసిపోలేదు. ఇరుపక్షాలనూ కలిపిన వరుసల్లోనే కథ ఎక్కువగా జారిపోయింది. నాకూ ఆ పిల్లవాడికీ మధ్య జారిపోయింది అదే.

నన్ను నిద్రపోనివ్వనిది మరొకటి ఉంది. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ పల్లెల్లో వంకరపోయిన కాళ్ళను ఫొటోలు తీసుకొని, నీళ్ళు సీసాల్లో పట్టుకొని వెళ్ళి, ఏమి తేలిందో చెప్పడానికి తిరిగి రానివారిని నేను చూశాను. ఆ ముసలివాళ్ళు “మల్ల వస్తమన్నరు” అని నాతో అనేవారు. నీవు అలా చేయవని తెలుసు, అయినా వ్రాస్తున్నాను. ప్రాజెక్టు గడువు ముగిసే రోజుల్లో మంచివాళ్ళు కూడా మరిచిపోతారు.

బతుకమ్మకు వచ్చేటప్పుడు నీ అంగీకార పత్రం తీసుకొని రా. ‘పరిశోధన ఎప్పుడైనా విరమించుకోవచ్చు’ అన్న వాక్యాన్ని మనిద్దరం కూర్చొని, మగ్గం మీద ఉన్న తల్లికి చదివి వినిపిస్తే వెంటనే తెలిసేటట్లు తిరగ వ్రాద్దాం. ఆ తల్లి గురించి నేను వ్రాసిన చీటీ ఇప్పటికీ నా బీరువాలో ఉంది, అదీ చూపిస్తాను.

ఇట్లు,
నీ పెద్దబాపు