ప్యాకేజీ మేనేజర్లను పోల్చి రాస్తున్న తమ్ముడికి

చిరంజీవికి,

లైనక్స్‌లో ప్రోగ్రాములు దించి ఎక్కించే ప్యాకేజీ మేనేజర్లు ఆప్ట్, డీఎన్‌ఎఫ్, ప్యాక్‌మ్యాన్, జిప్పర్, ఏపీకేల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. వాక్యం శుభ్రంగా ఉంది. నడుమ వేసిన ఆ పట్టిక మాత్రం తీసెయ్. కమాండ్లు ఒకే వరసలో కనబడితే అవి ఎక్కడైనా ఒకేలా వాడుకోవచ్చని చదివేవాళ్లు అనుకుంటారు.

నీ రెండో వరసే చూడు. ‘జాబితా తాజా చేయడం’ కింద ఆప్ట్ అప్‌డేట్ పక్కనే ప్యాక్‌మ్యాన్ -ఎస్‌వై రాశావు (ఎస్ పెద్దక్షరం, వై చిన్నక్షరం, ఈ తేడా చెప్పకపోతే కొత్తవాడు అక్కడే ఆగిపోతాడు). రెండూ రిపోజిటరీ (ప్యాకేజీలు ఉంచే సర్వర్, పొట్టిగా రిపో) జాబితానే దించుతాయి, నిజమే. ఆప్ట్ వాడే డెబియన్ స్టేబుల్‌లో జాబితా దించుకుని ఒక్క ప్రోగ్రామ్ పెట్టుకుంటే సాధారణంగా ఇబ్బంది రాదు. ఆ విడుదల నడిచినన్నాళ్లూ లైబ్రరీలు (ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకునే కోడ్ ఫైళ్లు) పెద్దగా మారవు. ప్యాక్‌మ్యాన్ వాడే ఆర్చ్ అలా కాదు, దాని రిపో ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. అక్కడ -ఎస్‌వైతో ఒక్క ప్యాకేజీ మాత్రం దించితే, అది కొత్త లైబ్రరీతో కట్టినదై ఉంటుంది, నీ మెషీన్‌లో ఉన్నది పాతది. తెరవగానే షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైల్ (అంటే ఆ కొత్త లైబ్రరీ) దొరకలేదని ఎర్రర్ పడుతుంది. ఇది తిరగబడి, దించింది లైబ్రరీయే అయితే ఇంకా అన్యాయం: లైబ్రరీ కొత్తదై కూర్చుంటుంది, దాన్ని నమ్ముకున్న పాత ప్రోగ్రాములు లేవవు. అందుకే ఆర్చ్‌లో -ఎస్‌వైయూతో మొత్తం అప్‌గ్రేడ్ చేశాకే కొత్తది పెట్టమంటారు. ఈ ఒక్క వరస విప్పి చెబితే నీ వ్యాసానికి సగం బలం వస్తుంది.

అప్‌గ్రేడ్ చెడితే పాత వెర్షన్‌కి వెనక్కి తిప్పడం గురించి ఒక్క ముక్కా రాయలేదేం? పాఠకుడు వెతుక్కుంటూ వచ్చేది దానికోసమే. డీఎన్‌ఎఫ్ హిస్టరీ అంటే జరిగిన లావాదేవీలు నంబర్లతో కనబడతాయి, హిస్టరీ అన్‌డూ అని ఆ నంబరిస్తే తిప్పడానికి చూస్తుంది. ‘చూస్తుంది’ అనే రాయి. డీఎన్‌ఎఫ్ వాడే ఫెడోరా అప్‌డేట్స్ రిపోలో పాత వెర్షన్లు నిలవవు కాబట్టి అప్‌గ్రేడ్‌ను తిప్పబోతే ప్యాకేజీ దొరక్క ఆగిపోవచ్చు. ప్యాక్‌మ్యాన్ అయితే /వార్/క్యాష్/ప్యాక్‌మ్యాన్/పీకేజీలో ఉన్న పాత ఫైలును -యూతో (పెద్దక్షరం) మళ్లీ ఎక్కించుకోవచ్చు. డిస్కు నిండిందని -ఎస్‌సీసీ కొట్టి ఆ క్యాష్ మొత్తం చెరిపినవాడికి ఆ దారీ ఉండదు. క్యాష్‌లో పాతవి ఏరిపారేసే ప్యాక్‌క్యాష్ -ఆర్ నడిపితే ఒక్కో ప్యాకేజీకి చివరి 3 వెర్షన్లు మిగులుస్తుంది, అదే సిఫారసు చెయ్.

ఒక ప్యాకేజీ పని నడుస్తుండగా ఇంకోటి జొరబడకుండా ఆపే లాక్ ఫైలు తీసేయమన్న నీ సలహా కొట్టేయ్. ఉబుంటులో డీపీకేజీ (ఆప్ట్ కింద ప్యాకేజీలు ఎక్కించే ప్రోగ్రామ్) లాక్ పట్టుకుని ఉండేది చాలాసార్లు వెనకాల నడిచే ఆటోమేటిక్ అప్‌డేటే, కాసేపు ఆగితే వదులుతుంది. మధ్యలో కరెంటు పోయి సగంలో ఆగిపోయిందా, డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ నడిపించు.

‘డీఎన్‌ఎఫ్ నెమ్మది’ అన్నావు, కొలిచింది మొదటిసారి నడిపినప్పుడేగా? అప్పుడది మెటాడేటా (రిపోలోని ప్యాకేజీల వివరాలు) కూడా దించుకుంటుంది. రెండోసారి నడిపి, రెండు అంకెలూ ఇవ్వు. డాకర్ కంటైనర్‌లో (మెషీన్‌లోనే మిగతావాటికి విడిగా నడిచే చోటు) క్యాష్ సైజులు, అంటే దించి దాచిన ఫైళ్ల సైజులు, పోల్చడం ఇంకా తప్పు. ఉబుంటు ఇమేజ్‌లో (కంటైనర్‌కి అచ్చు) దించిన డెబ్ ప్యాకేజీ ఫైళ్లను వెంటనే చెరిపే సెట్టింగు ముందే పెట్టి ఉంటుంది. నీకు సున్నా కనబడిందంటే అది ఆప్ట్ గొప్పతనమేం కాదు.

జిప్పర్ గురించి రెండు మాటలు చాలు: ఓపెన్‌సూసేలో విడుదలలుగా వచ్చే లీప్‌లో జిప్పర్ అప్, ఎప్పుడూ కదిలే టంబుల్‌వీడ్‌లో జిప్పర్ డప్. ఏపీకేకి ఆల్పైన్ కంటైనర్ ఉదాహరణే సరిపోతుంది, జాబితాను దాచిపెట్టకుండా ఆపే --నో-క్యాష్ మరిచిపోకు. స్క్రిప్టుల్లో ఆప్ట్ బదులు ఆప్ట్-గెట్ రాయి, ఆప్ట్ ఔట్‌పుట్ మారుతూ ఉంటుందని అదే హెచ్చరిస్తుంది.

సరిచేసిన ప్రతిలో ఏ కమాండ్ ఏ డిస్ట్రో (డెబియన్, ఆర్చ్ లాంటి లైనక్స్ రకం), ఏ వెర్షన్ మీద నడిపావో పక్కనే రాసి పంపు. ఫెడోరా 41 నుంచి డీఎన్‌ఎఫ్ అని కొడితే నడిచేది డీఎన్‌ఎఫ్5. నువ్వు అతికించిన ఔట్‌పుట్ చూస్తే పాతదానిలా ఉంది.

ఆశీస్సులతో,
అన్న