క్యారెట్ ముక్కు పిట్ట, నిద్రపోనివ్వని తీతువు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మొన్న ఆదివారం మా బాబుని తీసుకుని కోవళం దగ్గర ఏటి నోటి దాకా వెళ్లాం. బురదలో చిన్న చిన్న పిట్టలు వందల్లో ఉన్నాయి. వాటి మధ్య కోడిపెట్టంత పిట్ట ఒకటి. ఒళ్లంతా నలుపూ తెలుపూ, ముక్కు మాత్రం పొడుగ్గా, ఎర్రగా. "అమ్మా, క్యారెట్ ముక్కు!" అంటూ వీడు పరిగెత్తాడు. అంతే, అన్నీ లేచిపోయాయి. అదేం పిట్టండీ?
- ఒక పాఠకురాలు, తొరైపాక్కం, చెన్నై

జవాబు: అమ్మా, మీరు చూసింది ఆయిస్టర్ క్యాచర్. చలికాలంలో గుజరాత్‌లో కచ్ వైపు బాగానే కనిపిస్తుంది గానీ మన మద్రాసు తీరాన అరుదు. గొంతు దగ్గర తెల్ల పట్టీ ఉందేమో గుర్తు తెచ్చుకోండి. అది చలికాలపు గుర్తు.

దాని గొప్పంతా ఆ ముక్కులోనే ఉంది. ఆలిచిప్ప కాస్త నోరు తెరిచిందా, పక్కలు నొక్కినట్టుండే ఆ ముక్కుని కత్తిలా లోపలికి దూర్చి, రెండు చిప్పల్నీ బిగబట్టే కండరాన్ని తెగ్గోస్తుంది. ఇక తాళం ఊడినట్టే. కొన్ని పిట్టలు అంత ఓపిక పట్టవు, సుత్తితో మోదినట్టు మోది పగలగొడతాయి. మోదేవాటికి ముక్కు కొన మొద్దుగా అరుగుతుంది, బురదలోంచి పురుగుల్ని లాగేవాటికి సూదిగా ఉంటుంది. మా తాతగారు ఉలి అరుగుదల చూసి వడ్రంగి ఏం పనిలో ఉన్నాడో చెప్పేవారు, ఇదీ అంతే. పైగా ఈ ఉలి రోజుకు దాదాపు 0.4 మిల్లీమీటర్లు పెరుగుతూనే ఉంటుంది. తిండి మారితే కొన్ని వారాల్లో ముక్కు కొనా మారిపోతుంది.

నీటి ఒడ్డు పిట్టల పిల్లలు చాలావరకు గుడ్డులోంచి వచ్చిన రోజే సొంతంగా ఏరుకు తింటాయి. దీని పిల్లలకి మాత్రం తల్లీ తండ్రీ నోటికందించాలి. చిప్ప విప్పడం ఒక్క రోజులో వచ్చే విద్య కాదు మరి.

ఇక ఆ చిన్నవాటిలో లిటిల్ స్టింట్‌లు ఉండే ఉంటాయి. ఒక్కోటి పాతిక, ముప్పై గ్రాములు. ఉత్తరాన టండ్రా నుంచి, అంటే ధ్రువం దగ్గరి చెట్లు లేని చలి మైదానాల నుంచి ఎగిరొస్తాయి. తిరుగు ప్రయాణానికి కావలసిన కొవ్వు ఈ బురదలోనే కూడబెట్టుకోవాలి. నీరు తీసిన ఆ కొద్ది గంటలే వాటి భోజనవేళ. ఒక్కసారి తరిమితే ఏమవుతుందిలే అనిపిస్తుంది. కానీ ఆదివారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎంతమంది పిల్లలు, ఎన్ని కుక్కలు! లేచిన ప్రతిసారీ తిన్నది ఖర్చయిపోతుంది. నాకు దిగులంతా అదే.

బాబుని కోప్పడకండి. ఈసారి దూరంగా ఇసుకలో కూర్చోబెట్టి, ఒక్క పిట్టనే చూస్తూ అది నిమిషంలో ఎన్నిసార్లు బురదని పొడుస్తుందో లెక్కపెట్టమనండి. మా మనవరాలికి నలభై దాటాక లెక్క తప్పింది. మళ్లీ మొదటి నుంచి లెక్కపెడతానని అరగంట కదల్లేదు.

ప్రశ్న: పళ్ళికరణై పక్కన కొత్త ఫ్లాటులోకి వచ్చాం. రాత్రిళ్లు తీతువు అరుస్తోంది. అశుభమని మా అత్తగారికి నిద్ర లేదు. ఏం చెప్పమంటారు?
- ఒక పాఠకురాలు, మేడవాక్కం

జవాబు: ముందు ఆవిడకి నా నమస్కారాలు చెప్పండమ్మా. తీతువూ ఈ నీటి ఒడ్డు పిట్టల చుట్టమే, కాకపోతే ఏడాది పొడుగునా ఇక్కడే కాపురం. సముద్రం తన గుడ్లు ఎత్తుకుపోతే దానితోనే పంతం పట్టి తెచ్చుకున్న టిట్టిభం కథ ఆవిడకి తెలిసే ఉంటుంది. ఆ టిట్టిభమే ఇది. చెట్టు మీద గూడు కట్టదు. నేల మీద చిన్న గుంట, అందులో మామూలుగా నాలుగు గుడ్లు, అచ్చం గులకరాళ్ల రంగు. కాలి కింద పడితే మనకి తెలియనైనా తెలియదు. కుక్కో మనిషో అటువైపు వస్తే అరవక ఏం చేస్తుంది, పాపం?

పళ్ళికరణై చిత్తడినేల 2022లో రామ్‌సర్ జాబితాకెక్కింది, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడినేలల పట్టికలో చేరింది. అయితే తీతువుకి ఆ సరిహద్దు గీతలతో పని లేదు, మీ పక్క ఖాళీ స్థలంలో కంకర పరిచి ఉన్నా చాలు. మార్చి వచ్చిందంటే గుడ్ల కాలం. పగలు అత్తగారిని బాల్కనీలోకి తీసుకొచ్చి చూపించండి. కిందికి వెళ్లినప్పుడు అరుపు పెరుగుతుంటే గుడ్లు దగ్గర్లోనే ఉన్నట్టు. వచ్చిన దారినే వెనక్కి తగ్గండి, కాసేపటికి అదే ఊరుకుంటుంది.