సర్వర్లను పర్యవేక్షిస్తామా, కాస్తామా?

సందేహం: నేను ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో రాత్రి షిఫ్టు చేస్తుంటాను. ఖాతాదారుల సర్వర్లు, వెబ్‌సైట్లు సరిగ్గా నడుస్తున్నాయో లేదో చూడటం, ఏదైనా ఆగితే దాన్ని చూసుకొనే ఇంజనీరును నిద్ర లేపడం నా పని. మా సేవల గురించి తెలుగులో చిన్న పుస్తకం వేయాలని, కంప్యూటర్‌తో అనువాదం చేయించి దిద్దమని నా చేతిలో పెట్టారు. అందులో మానిటరింగ్ ‘పర్యవేక్షణ’ అయింది, అవైలబిలిటీ ‘లభ్యత’, పెర్ఫార్మెన్స్ ‘ప్రదర్శన’, డౌన్‌టైమ్ (సేవ ఆగి ఉన్న సమయం) ‘పనికిరాని సమయం’ అయ్యాయి. ఒకచోట ‘పర్యవీక్షణ’ అని కూడా ఉంది. వీటిలో ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి? అలర్ట్‌కు, సర్వర్ల స్థితి అంతా ఒకచోట చూపే తెర డాష్‌బోర్డుకు మనకు మాటలున్నాయా?
– ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: తేలికైనవి ముందు తేల్చేద్దాం. ‘పర్యవీక్షణ’ తప్పు. పరి, అవ అనే రెండు ఉపసర్గల తర్వాత ఈక్షణ వచ్చింది. అవేక్షణ అవుతుంది గాని అవీక్షణ ఎలా అవుతుంది? ‘వీక్షణం’ చెవిలో పడి ఉన్నవాళ్లు చేసే పొరపాటు ఇది. ‘ప్రదర్శన’ను కూడా కొట్టేయండి. సర్వర్ ప్రదర్శన ఇవ్వడానికి అదేమన్నా భాగవత మేళమా? పనితీరు అనే నిక్షేపంలాంటి మాట పల్లెల్లో కూడా వాడుకలో ఉంది. మోటారు పనితీరు, ఎమ్మెల్యే పనితీరు అంటున్నాం, సర్వర్ పనితీరు అనడానికి వచ్చిన కష్టమేమీ లేదు. ఇక మీ పుస్తకంలో ప్రతి వాక్యం మధ్యా ‘మరియు’, చివర ‘పర్యవేక్షించబడుచున్నవి’ ఉండే ఉంటాయి. మీరు రాయకపోయినా నాకు తెలుసు. ఎన్ని ఉంటే అన్నీ తీసేయండి, పుస్తకం నాలుగు పేజీలు తగ్గుతుంది, కాగితం ఖర్చూ కలిసొస్తుంది.

అసలు మాటకు వద్దాం. పర్యవేక్షణ వ్యాకరణం ప్రకారం మంచి మాటే. కానీ అది అధికారి మాట. పరీక్ష హాల్లో పర్యవేక్షకుడు ఉంటాడు, కాలవ పని దగ్గర పర్యవేక్షక ఇంజనీరు ఉంటాడు. కింద ఒకరు తవ్వుతుంటే గట్టు మీద ఒకరు నిలబడి చూస్తుంటారే, ఆ చూపు పర్యవేక్షణ. పత్రికలవాళ్లకు ఇష్టమైన ‘నిఘా’ ఇంకో రకం. పారసీ నిగాహ్ అంటే చూపే గాని, మన దగ్గరకొచ్చాక అది దొంగను చూసే చూపయింది. మీ సర్వర్ ఏ నేరమూ చేయలేదు కదా.

ఇక్కడ కాసేపు ఆగాలి. ఈక్ష ధాతువుకు చూడటం ఒక్కటే తెలుసు. ఆ చూపు ఎటువంటిదో ముందున్న ఉపసర్గ చెబుతుంది. చుట్టూ తిప్పి చూస్తే పరీక్ష, కలిపి చూస్తే సమీక్ష, ఆశగా చూస్తే అపేక్ష, ఎదురుచూస్తే ప్రతీక్ష. సంస్కృతంలో చూడటమే అయిన నిరీక్షణ, తెలుగులోకి వచ్చేసరికి వేచి ఉండటంగా మారింది. ఇదే కుటుంబంలో ఒక చెడ్డ బిడ్డ ఉన్నాడు, వాడి పేరు ఉపేక్ష. కళ్లెదుట జరుగుతున్నదాన్ని చూసి కూడా ఊరుకోవడం. పర్యవేక్షణకూ ఉపేక్షకూ తేడా అంతా ఉపసర్గలోనే ఉంది, కన్ను మాత్రం ఒకటే. మీ ఉద్యోగానికి ఇంతకన్నా దగ్గరి సంగతి నాకు కనపడదు. తెర మీద ఎర్ర గుర్తు వెలిగింది, చూశారు, ‘రోజూ వచ్చేదేలే’ అనుకున్నారు. పర్యవేక్షణ జరిగిందా, ఉపేక్ష జరిగిందా?

ఈ ఉపేక్షను పట్టుకున్నవాడు మన నెల్లూరు తిక్కన. కౌరవ సభలో కృష్ణుడు రాయబారం మాట్లాడుతున్నాడు. వ్యాసుడి శ్లోకంలో అధర్మం చేత ధర్మమూ, అనృతం చేత సత్యమూ ‘హన్యతే ప్రేక్షమాణానాం’ అని ఉంది. చూస్తున్నవాళ్ల కళ్ల ముందే చంపబడితే ఆ సభ్యులూ చచ్చినట్టే అని. అక్కడున్నది ప్రేక్షకుడిలోని ప్రేక్ష. తిక్కన ఏం చేశాడో చూడండి: ‘దక్షు లెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగుఁ గాని’ అన్నాడు. అదే ధాతువు, ఉపసర్గ మార్చాడు. ప్రేక్షను ఉపేక్ష చేశాడు. అంతటితో ఊరుకోకుండా ముందు ‘దక్షులు’ అని చేర్చాడు. వ్యాసుడు చూస్తున్నవాళ్లందరినీ తప్పు పట్టాడు. తిక్కన మాత్రం ఆపగలిగి కూడా ఆపనివాళ్లను వేరుగా తీసి నిలబెట్టాడు. చేతకానివాడు చూస్తూ ఉండిపోతే వాడి ఖర్మ. భీష్ముడు, ద్రోణుడు చేతగానివాళ్లు కారు. మూలంలో లేని ఆ ఒక్క ‘దక్షులు’ కోసం పద్యం మొత్తం చదవచ్చు. ఉద్యోగ పర్వంలో ‘సారపు ధర్మమున్’ అని మొదలవుతుంది, మా తరం బళ్లో కంఠతా పట్టింది. ఇప్పటి పిల్లలకు ఇందులో ఎంత చెబుతున్నారో గాని, పాస్‌వర్డులు మాత్రం బాగానే కంఠతా పడుతున్నారు.

చూపు మాటలతో ఉన్న చిక్కు ఇదే. చూడటం దగ్గర ఆగిపోతాయి. తెలుగులో అలా ఆగని క్రియ ఒకటుంది. మీ ఊరి పేరులోనే ఉంది.

కాచు. దీని మూలం ‘కా’, ద్రావిడ భాషల ఉమ్మడి సొత్తు. కావలి, కాపు, కాపరి, కాపలా, కాపాడు ఇవన్నీ ఆ తల్లి బిడ్డలే. కన్నడంలో కావలు, తమిళంలో కావల్. తడ దాటి మద్రాసు రోడ్డు పట్టిన మన జిల్లా వాళ్లందరూ పోలీసు స్టేషను మీద ‘కావల్ నిలయం’ అన్న బోర్డు చూసే ఉంటారు. ఉదయగిరి కోటకు కావలిగా దండు దిగిన చోటు కనుక మీ ఊరికి ఆ పేరొచ్చిందని అక్కడి పెద్దలు చెబుతారు. కాదనడానికి నాకు కారణం కనిపించలేదు. (పాలు కాచడం, చెట్టు కాయడం, ఎండ కాయడం వేరే మాటలు, ఇక్కడ వాటితో పని లేదు.)

ఈ కాచులో మూడు పనులు విడదీయరాకుండా ఉన్నాయి. చేను కాస్తున్నాడంటే చూస్తున్నాడు. బస్సు కోసం కాచుకొని ఉన్నాడంటే వేచి ఉన్నాడు. దేవుడు కాచాడంటే రక్షించాడు. మొసలి నోట చిక్కిన గజేంద్రుడు ‘కావవే వరద’ అన్నాడు. ‘పర్యవేక్షింపవే వరద’ అని ఉంటే విష్ణుమూర్తి వైకుంఠం నుంచి ఒకసారి తొంగి చూసి, నివేదిక తెప్పించుకొని ఊరుకొనేవాడు. మీ రాత్రి షిఫ్టులో ఉన్నది ఈ మూడే గదా? తెర చూడటం, ఏమీ జరగని గంటల్లో మేలుకొని ఉండటం, జరిగిననాడు సేవను నిలబెట్టడం.

కాపరి పని ఎంత దూరం పోతుందో విరాట పర్వం చెబుతుంది. తిక్కన భారతం అందుకున్నదే అక్కడ. సుశర్మ దక్షిణాన ఆవుల్ని పట్టాడు. కాపరులు పరుగున వచ్చి విరాటుడికి చెప్పారు. రాజు ఉన్న సైన్యాన్నంతా వెంటేసుకొని అటు పోయాడు. తెల్లారి కౌరవులు ఉత్తరాన పట్టారు. పసుల కాపరుల పెద్ద రథమెక్కి మొత్తుకుంటూ ఊళ్లోకొచ్చేసరికి దిక్కున్నవాడు ఒక్క ఉత్తరుడు, వాడూ అంతఃపురంలో ఆడవాళ్ల మధ్య. సారథి దొరికితే చాలు కౌరవుల్ని చీల్చేస్తానన్నాడు. ఆ ప్రగల్భాలు మనకు సామెతై పోయాయి. ఇక్కడ కాపరి తప్పేమీ లేదు. చూశాడు, వేళకు చెప్పాడు, చెప్పవలసిన చోటికే పోయి చెప్పాడు. ఒక వైపు కేక వినపడగానే ఉన్నవాళ్లందరూ అటే పరుగెత్తడం, రెండో వైపు చెబితే వినడానికి ఉత్తరుడు తప్ప మరొకరు లేకపోవడం, ఇవీ తప్పులు. మీ ఆఫీసులో ఈ కథకు అర్థం చెప్పే అవసరం ఉండదనుకుంటాను. పశువుల తగాదా తిక్కనగారి ఇంటి గడపా తొక్కింది. యాదవ వీరుడు కాటమరాజు ఆవుల పుల్లరి (మేత పన్ను) దగ్గర నెల్లూరు రాజు మనుమసిద్ధితో వచ్చిన పోరులోనే, ఆయన దాయాది ఖడ్గ తిక్కన పాలేటి ఒడ్డున పడిపోయాడని కథలు చెబుతాయి.

ఇంత చెప్పి, మీ పుస్తకంలో పర్యవేక్షణ అన్న చోటల్లా కాపు అని పెట్టమంటానా? అనను. కాపు అంటే కొందరికి మామిడితోట గుర్తొస్తుంది, కొందరికి కులం. కావలి అంటే మీ ఊరి బస్సు గుర్తొస్తుంది. కాపలా ఒక్కటే ఏ చిక్కూ లేకుండా నిలుస్తుంది. సర్వర్ల కాపలా, రాత్రి కాపలా బృందం అంటే నాకు ఇంపుగానే ఉన్నాయి. మీ మేనేజరుకు వాచ్‌మన్ ఉద్యోగంలా వినపడితే మాత్రం ఒప్పందాల్లో, నియమాల్లో పర్యవేక్షణే ఉంచుకోనీండి. వివరించే వాక్యాల్లో ‘మీ సేవలను రాత్రింబవళ్లు కాస్తుంటాం’ అని రాయండి. నోటి మాటలో మానిటరింగ్ అన్నా నేను కోప్పడను.

అవైలబిలిటీకి ‘లభ్యత’ వద్దు. ఎరువుల లభ్యత, నీటి లభ్యత సరే, అవి దొరికే వస్తువులు. సేవ అందేది. అందుబాటు అనండి, కట్టుబాటు, సర్దుబాటుల వరసలోది. పైగా మీ రంగంలో ఒక ముఖ్యమైన తేడాను ఇది చెప్పగలదు. మొన్నామధ్య పొలం కాగితాల కోసం ఒక ఆఫీసుకు పోయాను. కంప్యూటర్ వెలుగుతోంది, తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది. కుర్రాణ్ణి అడిగితే ‘సర్వర్ ఉంది సార్, కానీ రావడంలా’ అన్నాడు. అప్‌టైమ్‌కూ అవైలబిలిటీకీ మీవాళ్లు పేజీలకు పేజీలు రాసే తేడా అతగాడి నోట అయిదు మాటల్లో వచ్చింది. యంత్రం ఉండటం వేరు, మనిషికి అందడం వేరు. ఉన్నా అందకపోతే అందుబాటు లేనట్టే లెక్క.

ఆ లెక్కలో మీవాళ్లు చెప్పే తొమ్మిదులు ఉన్నాయే, పుస్తకంలో వాటిని శాతాలుగా వదిలేయకండి. 99.9 శాతం అందుబాటు అంటే ఏడాదిలో 8 గంటల 45 నిమిషాలు ఆగినా మాట తప్పనట్టే. 99.99 అంటే 52 నిమిషాలు. 99.999 అంటే 5 నిమిషాల పైచిలుకు. ఇలా గంటల్లో చెబితే చదివేవాడికి ఏది మాట, ఏది ఉత్తర కుమారుడి కోత అన్నది తెలుస్తుంది. స్పందన వేగం చెప్పేటప్పుడూ అంతే. ‘95వ శతాంశం’ అని రాస్తే శాతమా, అంశమా అని జుట్టు పీక్కుంటారు. ‘నూటికి తొంభై అయిదు సార్లు రెండు సెకన్లలోపే పలుకుతుంది’ అంటే అయిపోయింది. పలకడం అన్న మాట కావాలనే వాడాను. పింగ్ అంటున్నారే, 1983లో మైక్ మ్యూస్ అనే అమెరికన్ రాసిన చిన్న ప్రోగ్రాం అది, జలాంతర్గాములను వెతికే సోనార్ చప్పుడు మీద పెట్టిన పేరు. పిలిస్తే పలుకుతుందా లేదా అని చూడటం. మన ఊళ్లలో పూర్వం రాత్రి పారావాడు ‘పారా హుషార్’ అని కేకవేస్తే అవతలి కొసనుంచి ఇంకొకడు అందుకొనేవాడు. కేక రాకపోతే అక్కడేదో జరిగిందని అర్థం. పింగ్‌ను పింగ్‌గానే ఉంచండి, ఈ సంగతి మీకు తెలిస్తే చాలు.

అలర్ట్‌కు హెచ్చరిక ఉంది. కన్నడం ఎచ్చరికకు చుట్టం, మెలకువ అనే అర్థం లోపల దాక్కొని ఉంది కాబట్టి మీ షిఫ్టుకు మరీ నప్పుతుంది. డాష్‌బోర్డును కదిలించకండి. అది గుర్రపు బండికి బురద చిందకుండా అడ్డం కట్టిన పలక. ఇంగ్లీషువాళ్లే అర్థం మరిచిపోయి వాడుకుంటుంటే మనం ‘సూచికా ఫలకం’ అని కొత్త బురద చల్లుకోవడం ఎందుకు?

మిగిలింది డౌన్‌టైమ్. ‘పనికిరాని సమయం’ అన్నది చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దీనికి నామవాచకం వెతకడమే దండగ. తెలుగు ఈ పని క్రియతో చేస్తుంది, ఇంగ్లీషు కన్నా నిక్కచ్చిగా చేస్తుంది. మన ఇళ్లలో ‘కరెంటు తీశారు’ అంటాం, ‘కరెంటు పోయింది’ అంటాం. ఎవరైనా రెంటినీ కలగలుపుతారా? మొదటిది లైన్‌మన్ చెప్పి చేసింది, రెండోది గాలివానకు జరిగింది. మీరు ప్లాన్డ్, అన్‌ప్లాన్డ్ అని విశేషణాలు తగిలించుకొనే తేడా ఇదే. సేవను ఆపడం ఒకటి, సేవ ఆగడం ఒకటి. కనుక ముందుగా చెప్పే నోటీసుల్లో ‘ఆదివారం రాత్రి 1 గంట నుంచి 3 గంటల దాకా మరమ్మతు కోసం సేవ ఆపుతున్నాం’ అని రాయండి. అనుకోకుండా జరిగినప్పుడు ‘రాత్రి 2.10కి సేవ ఆగిపోయింది, 2.40కి మళ్లీ అందుకుంది’ అని రాయండి. రెండోదాన్ని కూడా ‘ఆపబడినది’ అని రాసే అలవాటు మీ సంస్థలో ఉంటే, ఎవరు ఆపారని ఖాతాదారుడు అడుగుతాడు. ఆ ప్రశ్నకు సమాధానం మాత్రం నన్ను అడగకండమ్మా.