ఆ ఓవర్‌టేక్ సంగతి

చిన్నీ,

నిన్న రాత్రి పదిన్నరకి మీ అమ్మ ఫోన్ చేసింది. ఆ టైములో మా చెల్లి ఫోన్ చేసిందంటే ఎవరో ఆస్పత్రిలో ఉన్నట్టే లెక్క. చేతులు వణుకుతూ ఎత్తాను. తీరా చూస్తే ఇన్నాళ్లూ రేసింగ్ గేములు ఆడి వీడియోలు పెట్టుకునే నువ్వు నిజం కారు రేసుల్లో దిగుతున్నావట, వచ్చే సీజన్‌కి లైసెన్సు తీసుకుంటున్నావట. "అంతా నీ వల్లే అన్నయ్యా" అని అరగంట తిట్టింది. తిట్లు వింటూనే వంటింట్లోకి వెళ్లి మీ అత్తయ్యకి సైగలతో విషయం చెప్పాను. ఆవిడ పాలగిన్నె దించి "మన చిన్నే?" అంది. నాకు నవ్వు ఆగలేదు. మీ అమ్మకి వినపడకుండా దగ్గేశాను.

వాట్సాప్‌లో పెడితే పైపైన చదివి బొటనవేలు బొమ్మ పంపిస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ముందు మామూలు సంగతులు. మన దేశంలో రేసుల్ని చూసుకునే సంఘం ఎఫ్‌ఎంఎస్‌సీఐ, వాళ్లిచ్చే లైసెన్సుకి డాక్టరు సర్టిఫికెట్ కావాలి, చివరి నిమిషం దాకా ఆగకు. రేసింగ్ స్కూల్లో నేర్చుకోకుండా రేసు కారు ఎక్కకు. మొదటి ల్యాపుల్లో, అంటే ట్రాకు చుట్టూ వేసే మొదటి చుట్లలో, టైర్లు చల్లగా ఉంటాయి, పట్టు ఉండదు, వాటిని నమ్మకు. కారు గుద్దితే రిపేరు ఖర్చు ఎవరు పెట్టుకోవాలో టీమ్ వాళ్లని ముందే అడిగి కాగితం మీద రాయించుకో. స్పాన్సర్ దొరికాడని ఉద్యోగం మానేయకు. హెల్మెట్ కొత్తదే కొను. ఒకసారి కింద పడ్డ హెల్మెట్ కూడా పైకి కొత్తదానిలాగే కనిపిస్తుంది.

కారు గుద్దుకుంటే తల ముందుకి విసురుగా పోకుండా ఆపడానికి, హెల్మెట్‌కి తగిలించి భుజాల మీద వేసుకునే హాన్స్ పరికరం గురించి మాత్రం ఇంకో మాట. మెడ తిరగడం లేదనో, చెమట పడుతోందనో ప్రాక్టీసులో తీసేసేవాళ్లని చూశాను. 2001లో అమెరికాలో, డేటోనా రేసులో, పేరున్న రేసరు డేల్ ఎర్న్‌హార్ట్ చివరి ల్యాపులో గోడకి గుద్దుకున్నాడు. టీవీలో చూస్తే పెద్ద దెబ్బలా అనిపించదు. పుర్రె అడుగు ఎముక విరిగి చనిపోయాడు. ఆయన ఆ పరికరం వేసుకోలేదు. రెండేళ్లకి ఫార్ములా వన్‌లో అది తప్పనిసరి చేశారు. నువ్వు గ్యారేజీలో ఫొటో దిగేటప్పుడు కూడా తీయకు, పో.

ఎండ సంగతి నీకు తెలియదు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకులో మధ్యాహ్నం పూట, ఒంటిని పట్టేసిన ఆ సూటులో, ఇంజను వేడి వీపుకి తగులుతుంటే ఎలా ఉంటుందో ఏసీ హాల్లో నీ గేము స్టీరింగు బల్ల ముందు కూర్చుంటే తెలిసేది కాదు. రెండు రోజుల ముందు నుంచే నీళ్లు తాగు. ఉప్పేసిన మజ్జిగ తాగు. కాఫీ తగ్గించు, నువ్వు తగ్గించవని తెలిసినా చెబుతున్నాను.

మీ అమ్మకి ఒక్కటి చెప్పు. నువ్వు ఎక్కుతానంటున్న ఎల్‌జీబీ ఫార్ములా 4 కారులో ఉండేది మన మారుతి స్విఫ్ట్ ఇంజనే. మీ నాన్న ఆఫీసుకి వేసుకెళ్లే కారుదే అంటే కాస్త ధైర్యం వస్తుంది. గట్టిగా బ్రేకు వేస్తే చక్రాలు పట్టేయకుండా చూసే ఏబీఎస్ ఉండదని మాత్రం చెప్పకు.

నువ్వు మీ అమ్మకి చూపించిన ఇంగ్లండు కుర్రాడి వీడియోలు నేనూ చూశాను. జిమ్మీ బ్రాడ్‌బెంట్. పెరట్లో షెడ్డులో కూర్చుని రేసింగ్ గేములు ఆడుతూ వీడియోలు పెట్టుకునేవాడు, నిజం కార్లలోకి వచ్చి 2022లో తోటి డ్రైవరు గోర్డీ మచ్‌తో కలిసి ప్రాగా కప్పు అనే రేసుల సిరీస్ గెలిచాడు. గేము దండగ అనే ముసలాణ్ని కాదు నేను. ట్రాకు బండగుర్తులు, ఎక్కడ బ్రేకు, ఎక్కడ తిప్పడం, అవి నీకు దాంట్లోనే వచ్చేస్తాయి. మేము పెట్రోలు కాల్చి నేర్చుకున్నవి నువ్వు కరెంటుతో నేర్చుకున్నావు, సంతోషం. కానీ గేములో రోడ్డు పక్కన మనిషి ఉండడు. ఉన్నా బొమ్మే.

ఇక అసలు సంగతి. నీ గో-కార్టు వీడియో నాలుగుసార్లు చూశాను. ఆరో నిమిషం దగ్గర మలుపు మధ్యలో ఉండగా కెమెరా వైపు చూసి నవ్వావు. ఎంత, అర సెకను. కింద కామెంట్లన్నీ ఆ నవ్వు గురించే. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నువ్వు పోయిన దీపావళికి పెట్టిన వీడియో ఉందే, "మా మావయ్య ఓవర్‌టేక్" అని, మీ నాన్న చెప్పగా నువ్వు బొమ్మలేసి మరీ పెట్టినది. చుట్టాలందరూ నాకు ఫార్వర్డ్ చేశారు. 1992, పాత ఫియట్, చివరి ల్యాపు, నీలం కారు, గ్యాలరీ ఎదురుగా. ఏ ట్రాకు, ఏ రేసు అన్నది నీకు తెలుసు, రాయక్కర్లేదు. మీ నాన్న చెప్పిందాంట్లో అబద్ధం లేదు. వాడికి కనిపించింది అంతే.

ఆ రోజు మీ నాన్న, అప్పటికి నాకు బావ కాలేదు, స్నేహితుడే, విజయవాడ నుంచి నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. ఆటోనగర్‌లో మా నాన్న షెడ్డు పక్క షెడ్డు వాళ్లు. రాత్రంతా రైల్లో నిలబడి వచ్చారు. క్యారేజీలో పులిహోర. రేసుకి ముందు నేను ఒక మాటన్నాను, "చివరి ల్యాపులో ఆ నీలం బండిని మీ ముందే దాటుతాను, కళ్లు తెరుచుకుని చూడండి" అని. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. ఆ మాట అనకపోతే ఏమయ్యేదో నాకు తెలియదు.

చివరి ల్యాపులో గ్యాలరీకి ముందు మలుపు దగ్గర పసుపు జెండా ఊపుతున్నారు. పసుపు జెండా అంటే తెలుసుగా, ముందు ప్రమాదం ఉంది, నెమ్మదించు, ఎవరినీ దాటకు, తప్పుకోవడానికి సిద్ధంగా ఉండు. నీలం కారు నెమ్మదించింది. నేను నెమ్మదించలేదు.

ముప్పై ఏళ్ల పైబడి అందరికీ చెబుతున్నాను, ఎండ కళ్లలో పడింది, జెండా కనపడలేదు అని. రేసులో తప్పొప్పులు తేల్చే స్టీవర్డులకీ అదే చెప్పాను, నమ్మారు. మీ అత్తయ్యకీ అదే చెప్పాను. కనపడింది చిన్నీ. జెండా అంచు చిరిగి ఉండటం కూడా కనపడింది.

నీలం కారుని దాటేశాను. దాటాక కనిపించాడు, ట్రాకు మీద వంగి, ఎవరి బండి నుంచో ఊడి పడ్డ సైలెన్సర్ ముక్క తీస్తున్న కుర్రాడు. మార్షల్, ట్రాకు పక్కన జెండాలు ఊపుతూ కాపలా కాసేవాడు. పంతొమ్మిదేళ్లు ఉంటాయేమో. తిప్పడానికి జాగా లేదు. వాడే దూకాడు. టక్ మని చిన్న చప్పుడు, అంతే. నా ఎడమ అద్దం లేదు. గ్యాలరీలో మీ నాన్న ఈల వేస్తున్నాడు. ఆ ఈల నాకు ఇంజను మోతలో కూడా వినపడింది.

కార్లు ఆపుకునే చోటు ఉంటుందే, ఆ పిట్‌లో కారు ఆపి దిగలేకపోయాను. కాళ్లు లేవలేదు. అందరూ వచ్చి వీపు చరుస్తున్నారు. అప్పుడు ఆ కుర్రాడు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. కొట్టడానికే వస్తున్నాడనుకున్నాను. మోచేయి దగ్గర చొక్కా చిరిగి ఉంది. చేతిలో నా అద్దం, పగిలినది, గుడ్డలో చుట్టి పట్టుకున్నాడు, నాకు గుచ్చుకోకూడదని. "అన్నా, ఉంగ కన్నాడి" అన్నాడు. మీ అద్దం అని. ఇచ్చేసి వెళ్లిపోయాడు. వాడి చెయ్యి వణుకుతోంది. నాది వణకలేదు, అదీ సిగ్గు.

ఆ తర్వాత మూడు రేసులు నడిపాను. మానేసింది డబ్బుల్లేక అని ఇంట్లో అనుకుంటారు. డబ్బుల్లేని మాటా నిజమే. కానీ మార్షల్ డ్యూటీకి పేరు రాయించుకున్నది ఎందుకో ఎవరూ అడగలేదు. జీతం లేని పనికి ఆదివారాలు పోయి ఎండలో నిలబడతావేమిటని మీ అమ్మమ్మ సణిగేది.

ఆ వీడియో తీసెయ్యమనను. అది మీ నాన్న కథ, వాడికి ఇష్టం. ఇది మాత్రం నీ దగ్గర ఉంచుకో. నువ్వు నాకంటే తెలివైనదానివి, నిదానస్తురాలివి, అది నేను మీ అమ్మకి కూడా చెప్పాను. కానీ నాకు గ్యాలరీలో ఉన్నది అయిదుగురు. నీ వీడియోలు చూసేవాళ్లు లక్షల మంది, పైగా వాళ్లు కారులోనే నీ పక్కన కూర్చుని ఉంటారు.

అందుకని ఇది సలహా కాదు, అడుగుతున్నాను. మొదటి సీజన్‌లో కారులో కెమెరా పెట్టుకో, కానీ నీకు కనపడని చోట. రేసుకి ముందు కారు తనిఖీ చేసే స్క్రూటినీ వాళ్లకి చూపించి, బోల్టు వేసి బిగించు, గాజుకి అతికించే రకం వద్దు. ఏమైనా మాట్లాడాలంటే ఇంటికొచ్చాక మాట్లాడు.

2023లో హుస్సేన్ సాగర్ ఒడ్డున కరెంటు కార్ల ఫార్ములా ఈ రేసుకి మనిద్దరం వెళ్లాం కదా. అందరూ కార్లని తీస్తుంటే నువ్వు కంచెకి అవతల జెండాలు పట్టుకుని నిలబడ్డవాళ్లని చాలాసేపు తీశావు. "మావయ్యా, వీళ్లు రేసు చూడరా?" అని అడిగావు. చూడరు, వాళ్లు చూడాల్సింది రోడ్డు. గెలిచింది వెర్న్ అని నేను ఆ రాత్రి పేపరువాళ్ల కంటే ముందు నీకు చెప్పాను, నువ్వు పట్టించుకోలేదు. ఆ రోజే అనుకున్నాను, ఈ పిల్ల ఎప్పుడో రేసుల్లోకి దిగుతుందని.

లైసెన్సు కాగితాలు పెట్టేముందు ఒక్క రేసు వారాంతం నా పక్కన జెండా పట్టుకుని నిలబడు. శుక్రవారం చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు పొద్దున్నకి ఇక్కడ చెన్నైలో ఉంటావు, స్టేషనుకి నేనే వస్తాను. బూట్లు వేసుకో, నీ ఆ తెల్ల స్నీకర్లు కాదు, పాతవి. టోపీ తెచ్చుకో. మీ అత్తయ్య గోంగూర అడుగుతోంది, ఇక్కడ దొరికేది పుల్లగా ఉండదట. రెండు కట్టలు చాలు, తడిగుడ్డలో చుట్టి తీసుకురా.

మీ మావయ్య