ఆ వేడిగాలిని పోనివ్వండి, మా అమ్మలా వాడుకోవాలని చూడకండి

కొత్తగా దిగిన అపార్ట్‌మెంట్‌లో పైన నల్లటి గాజు పలకున్న ఎలక్ట్రిక్ స్టవ్ ఇచ్చారనీ, కింద ఓవెన్ వేసినప్పుడల్లా వెనకాల బటన్ల పలక అడుగున ఉన్న సందులోంచి వేడిగాలి కొడుతోందనీ రాశారు. అది రిపేరా, అల్యూమినియం ఫాయిల్ పెట్టి మూసేస్తే కరెంటు ఆదా అవుతుందా అని మీ ప్రశ్న. రిపేరు కాదు. మూయకండి. ఫాయిల్ సంగతి చివర్లో చెప్తాను, ఎందుకంటే ఆ సందు పేరు వినగానే నాకు ముందు మా అమ్మ, ఆవిడ వడియాలు గుర్తొస్తాయి.

2016 జనవరి. అప్పుడు మేం చికాగో దగ్గర నేపర్‌విల్‌లో అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. నా రెండో కాన్పుకి అమ్మ తెనాలి నుంచి వచ్చింది. బయట మోకాలి లోతు మంచు. పిల్ల పుట్టి మూడు వారాలైంది, నేను పడకగదిలోంచి పెద్దగా బయటికి వచ్చేదాన్ని కాదు. వంటిల్లు పూర్తిగా అమ్మ చేతుల్లోకి వెళ్లిపోయింది. వచ్చిన మొదటి వారంలోనే ఆవిడ ఓవెన్ వెనకాల వచ్చే గాలిని కనిపెట్టింది. "ఇంత సెగ ఊరికే గాల్లో కలిసిపోతోందేంటే? మీకు కరెంటు ఎవరన్నా ఊరికే ఇస్తున్నారా?" అని అడిగింది. నేను నిద్రమత్తులో "అది అంతేనమ్మా" అన్నాను. అలా అనడమే నేను చేసిన తప్పు.

అమ్మకి అది కోడిపొయ్యిలా కనిపించింది. మా అమ్మమ్మగారింట్లో కట్టెల పొయ్యిని ఆనుకుని చిన్న కోడిపొయ్యి ఉండేది. పెద్ద పొయ్యిలో మంట పెడితే ఆ సెగే పక్కకి పాకి, దాని మీద పాలో పప్పో నిదానంగా కాగుతుండేవి. విడిగా ఒక్క పుల్ల కూడా పెట్టక్కర్లేదు. అమెరికా వాళ్లు కూడా కోడిపొయ్యి పెట్టారు, మీకే వాడుకోవడం చేతకావట్లేదు అన్నది ఆవిడ తీర్మానం. పైగా ఆ స్టవ్ వెనక భాగంలో మధ్యన ఒక గుండ్రటి గీత గీసి "వార్మ్" అని రాసి ఉంటుంది. అది వండిన గిన్నెని వెచ్చగా ఉంచడానికి ఇచ్చే చిన్న బర్నర్, దానికి వేరే స్విచ్చి ఉంటుంది. అమ్మకి ఇంగ్లిష్ చదవడం వచ్చు. అక్షరాలా రాసి ఉంటే ఇంకేం అనుమానం!

మొదట వెన్నగిన్నె పెట్టింది, చక్కగా కరిగింది. తర్వాత ఫ్రీజర్‌లోంచి తీసిన కూర పెట్టింది, అదీ కరిగింది. ఒకరోజు మా ఆయన ఆ స్టీలు గిన్నె అంచు పట్టుకుని వేళ్లు కాల్చుకున్నారు. బర్నర్లన్నీ ఆపే ఉన్నాయి కదా, గిన్నె ఎందుకు కాలుతుందని ఆయన అనుకున్నారు. అప్పుడైనా మాకు బుద్ధి రావాల్సింది, రాలేదు.

ఆ తర్వాత వంతు వడియాలది. చైనా వాళ్ల కొట్లో బూడిద గుమ్మడికాయ దొరికిందని మా ఆయన సంబరంగా తెచ్చారు. అమ్మ ముక్కలు తరిగి, ఉప్పేసి మూటగట్టి, నీరు పిండి, రుబ్బిన మినప్పిండిలో కలిపింది. అంతా అయ్యాక కిటికీలోంచి చూస్తే ఎండ ఎక్కడుంది? నాలుగింటికే సాయంత్రమైపోయే ఊరు. శనివారం నాడు అల్లుడుగారు ఓవెన్‌లో పిజ్జా పెడతారని ఆవిడకి తెలుసు. గిన్నెలు కడిగి ఆరబెట్టే స్టాండు కింద ఒక తెల్లటి ప్లాస్టిక్ ట్రే ఉండేది. దాన్ని కడిగి తుడిచి, వడియాలు వరసగా పెట్టి, సరిగ్గా ఆ సందుకి ఆనించి గాజు పలక మీద పెట్టింది.

పిజ్జాకి 425 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో 218 సెల్సియస్. బయటికొచ్చే గాలి అంత వేడిగా ఉండకపోవచ్చు కానీ, పల్చటి ప్లాస్టిక్‌కి అందులో సగం చాలు. పావుగంటయ్యిందో లేదో, గదిలో ఉన్న నాకు టైరు కాలినట్టు వాసన వచ్చింది. వెంటనే పొగ అలారం మొదలెట్టింది. పసిది ఉలిక్కిపడి ఏడుపు, నాలుగేళ్ల పెద్దాడు చెవులు మూసుకుని సోఫా కింద దూరాడు, మా ఆయన కుర్చీ ఎక్కి తువ్వాలుతో అలారానికి విసురుతున్నారు. అమ్మ మాత్రం చెంబుతో నీళ్లు పట్టుకుని స్టవ్ మీదికి వెళ్తోంది. "అమ్మా, ఆగు, అది కరెంటుది" అని నేను అరిచిన అరుపుకి కుట్లు ఊడిపోయాయేమో అనుకున్నాను. ఆ స్టవ్‌కి వచ్చేది 240 వోల్టులు. మరి నీళ్లు పోస్తామా?

వెళ్లి చూస్తే ట్రే అప్పడంలా వంగి గాజుకి అతుక్కుపోయి ఉంది. వడియాలు కొన్ని ప్లాస్టిక్‌లో కూరుకుపోయాయి. స్టవ్ ఆపేసి, చల్లారాక చూద్దాంలే అని పడుకున్నాం. అదే రెండో తప్పు. మర్నాటికి అది రాయిలా గట్టిపడింది. మా ఆయన అట్లకాడతో పెకలించబోతే, ప్లాస్టిక్‌తో పాటు రూపాయి బిళ్లంత గాజు పెచ్చు కూడా లేచి వచ్చింది.

తర్వాత స్టవ్‌తో ఇచ్చిన పుస్తకం తీసి చదివాం. ఎవరైనా తర్వాతే కదా చదివేది! పైనున్నది మామూలు గాజు కాదు, గ్లాస్ సెరామిక్. వేడికి అది దాదాపు వ్యాకోచించదు, చల్లారితే ముడుచుకోదు. అందుకే ఎర్రగా కాలినా పగలదు. కానీ దాని మీద కరిగి అతుక్కున్న ప్లాస్టిక్, పంచదార పాకం లాంటివి చల్లారేటప్పుడు ముడుచుకుంటాయి, ముడుచుకుంటూ గాజుని పట్టుకుని లాగుతాయి. కాబట్టి అవి పడితే స్టవ్ ఆపి, చేతికి మందపాటి గ్లవ్ వేసుకుని, ఇంకా వేడిగా ఉండగానే బ్లేడు స్క్రేపర్‌తో గీకేయాలి. తడిగుడ్డ వెయ్యకూడదు, ఆవిరి లేచి చెయ్యి కాలుతుంది. అరిసెల పాకం పట్టేవాళ్లు ఇది రాసి గోడకి అంటించుకోండి. బెల్లం పాకం ఒలికినా ఇదే గతి.

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ పెచ్చుకి డిపాజిట్‌లోంచి 400 డాలర్లు కోశారు. అదే స్టవ్ ఒక కాలు పొట్టిదై రెండేళ్లు ఊగుతూనే ఉందని, దోసెపిండి వేస్తే ఓ పక్కకి జారిపోతోందని ఎన్నిసార్లు చెప్పినా వచ్చిన నాథుడు లేడు. సరే, అది వేరే కథ.

అసలు ఆ గాలి ఎందుకొస్తుందో చెప్తాను. అమెరికా ఇళ్లలో స్టవ్ కింద ఉండే ఓవెన్ లోపల ఖాళీ సుమారు 5 ఘనపుటడుగులు, అంటే 140 లీటర్లు. వేడెక్కితే అందులోని గాలి ఉబ్బుతుంది. అంతకంటే పెద్ద తలనొప్పి ఆవిరి. కోడి కాళ్లో, వంకాయలో, బంగాళాదుంపలో పెడితే వాటిలోంచి ఓ చిన్న టీ గ్లాసుడు, 100 మిల్లీలీటర్ల నీళ్లు ఆవిరయ్యాయనుకోండి, ఆ ఆవిరి 170 లీటర్లవుతుంది. ఓవెన్ కంటే ఎక్కువ! అది ఎటో అటు పోవాలి. పోయే దారి లేకపోతే తలుపు అంచుల్లోంచి తన్నుకొస్తుంది, మీరు తలుపు తీయగానే మొహాన కొడుతుంది, పైనున్న బటన్ల బోర్డుని ఉడకబెడుతుంది. పైగా ఆవిరి నిండితే కూర వేగదు, ఉడుకుతుంది. కుక్కర్‌కి విజిల్ ఉందని ఎవరూ కంప్లయింట్ చెయ్యరు కదా, ఇదీ అంతే.

నన్నడిగితే తప్పంతా ఈ నున్నటి పలకదే. అంతకుముందు మా పాత అపార్ట్‌మెంట్‌లో చుట్టల బర్నర్ల స్టవ్ ఉండేది. దాంట్లో ఓవెన్ గాలి వెనక కుడివైపు చుట్ట కింద, బర్నర్ చిప్పలోని రంధ్రంలోంచి వచ్చేది. అప్పుడూ అంతే వేడి, కానీ ఎవరూ దాని మీద ఏమీ పెట్టేవాళ్లం కాదు, ఎందుకంటే అది పొయ్యిలా కనిపించేది. గాజు పలక వచ్చాక పొయ్యి కాస్తా అరుగైపోయింది. నాకు తెలిసిన ప్రతి ఇంట్లోనూ దాని వెనక అంచున నూనె సీసా, నెయ్యి డబ్బా, టిష్యూ చుట్ట, బ్రెడ్ ప్యాకెట్, పోస్టులో వచ్చిన కవర్లు ఉంటాయి. ఒక స్నేహితురాలి ఇంట్లో పోపులపెట్టె శాశ్వతంగా అక్కడే కాపురం. బర్నర్ ఆపేసినా, ఓవెన్ వేసి ఉన్నంతసేపూ ఆ వెనక భాగం కాలుతూనే ఉంటుందని ఎవరికీ తట్టదు. బర్నర్ వేడిగా ఉందని చూపించే ఎర్రలైటు కూడా ఈ గాలికి వెలగకపోవచ్చు, దాన్ని నమ్ముకోవద్దు.

పైన మైక్రోవేవ్ బిగించి ఉంటే ఇంకో వింత చూస్తారు. ఓవెన్ వేసిన కాసేపటికి దాని ఫ్యాన్ దానంతటదే తిరగడం మొదలెట్టొచ్చు, ఆపినా ఆగదు. దెయ్యం కాదు. కింద నుంచి వేడి ఎక్కువగా తగిలితే తనని తాను కాపాడుకోవడానికి కొన్ని మోడళ్లలో అలా పెడతారు. కానీ ఆ ఫ్యాన్ గాలిని బయటికి పంపుతోందో లేదో ఒకసారి చూసుకోండి. చాలా అపార్ట్‌మెంట్లలో దానికి బయటికి గొట్టమే ఉండదు. ఒక బొగ్గు ఫిల్టర్ గుండా తిప్పి అదే గాలిని మళ్లీ మన మొహం మీదికే వదులుతుంది. ఎండుమిరపకాయల పోపు పెట్టిన రోజు ఈ అన్యాయం పూర్తిగా తెలుస్తుంది. కిటికీ తియ్యడం ఒక్కటే మార్గం, జనవరిలో అయినా సరే.

మరి రిపేరుకి ఎప్పుడు పిలవాలి? వేడి వెనక నుంచి కాకుండా ముందు తలుపు అంచుల్లోంచి విపరీతంగా వస్తుంటే, స్టవ్ మీటలు పట్టుకోలేనంత కాలుతుంటే తలుపు చుట్టూ ఉండే సీలు చిరిగి ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు ఒక డాలరు నోటుని తలుపు సందులో పెట్టి మూసి, మెల్లగా లాగండి. కాస్త బిగుతుగా రావాలి. ఏ అడ్డూ లేకుండా జారిపోతే సీలు చూపించండి. కొత్త ఓవెన్ మొదటి ఒకటి రెండుసార్లు వాసన, కాస్త పొగ వదలడం మామూలే. లోపలి జిడ్డుని మాడ్చి బూడిద చేసే సెల్ఫ్ క్లీన్ బటన్ మాత్రం ఆలోచించి నొక్కండి. అప్పుడు లోపల 880 ఫారన్‌హీట్ దాకా వెళ్తుంది, తలుపు తాళం పడిపోతుంది, రెండు నుంచి నాలుగు గంటలు ఆ సందులోంచి వచ్చేదంతా మాడు కంపే. ఇంట్లో చిలకలు, పిట్టలు పెంచేవాళ్లయితే వాటిని ముందే బయటికి పంపాలి, ఆ పొగకి అవి చచ్చిపోవచ్చు. మేం పిల్లలతో పార్కుకి వెళ్లే రోజే, ఒక పెద్దమనిషిని ఇంట్లో కాపలా ఉంచి ఆ పని పెట్టుకుంటాం.

దోసెపిండి పులియడానికి ఓవెన్‌లో లైటు వేసి పెట్టే అలవాటు మీకూ ఉండే ఉంటుంది. తలుపు మీద ఒక చీటీ అంటించండి. చీటీ లేక ప్లాస్టిక్ డబ్బాతో సహా పిండిని కాల్చుకున్న వాళ్లు నాకు ముగ్గురు తెలుసు, అందులో నేనొకదాన్ని.

ఇక మీ ఫాయిల్. ఆ సందు మూస్తే పైసా మిగలదు, పైన చెప్పిన గొడవలన్నీ వస్తాయి. మీది ఎలక్ట్రిక్ కాబట్టి అంతటితో పోయింది. గ్యాస్ ఓవెన్ అయితే మండిన వాయువులు పోయే దారి అదే, అది మూస్తే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లో చేరుతుంది, ప్రాణాల మీదికొస్తుంది. ఓవెన్ లోపల అడుగున కూడా ఫాయిల్ పరవకండి, వేడికి లోపలి ఎనామెల్ పూతకి అతుక్కుపోతుంది. పిజ్జా చీజ్ కారుతుందని భయమైతే కింది అరలో ఒక ట్రే పెట్టండి. ఇనపది.